ధర ఎక్కడ పుడుతుంది

ఏడో అధ్యాయం ఇంకా ప్రొఫెసర్ సర్వేశ్వరరావు బీరువాలోనే ఉంది. అది అక్కడికి చేరి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలల్లో వంతల కనక అరకు నుంచి విశాఖకు పదకొండుసార్లు వెళ్లింది. సొరంగాల్లోంచి అయిదు గంటలు రైల్లో కూర్చుని దిగడం, డిపార్టుమెంటు వరండాలో బల్ల మీద సాయంత్రం దాకా ఎదురుచూడడం, "సారు మీటింగులో ఉన్నారమ్మా, మళ్లీ రండి" అనిపించుకుని మర్నాటి రైలుకు తిరిగి కొండెక్కడం. మార్చి ముప్పై ఒకటితో ఆమె పరిశోధన గడువు ముగుస్తుంది. ఇప్పుడు ఫిబ్రవరి మూడో వారం. గడువు దాటితే ఏడేళ్ల చదువు కాగితాల కట్టగా మిగిలిపోతుంది. డిగ్రీ కాలేజీలో చేస్తున్న కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు కావడానికి కూడా ఆ పట్టాయే ఆధారం.

ఇలాంటప్పుడే అరకులో 'సంస్కరణలు, గిరిజన ఆర్థిక వ్యవస్థ' అంటూ రెండు రోజుల సదస్సు పెట్టారు. ఆమె గైడు సర్వేశ్వరరావు వచ్చాడు. ఆయనకు ఇరవై ఏళ్లుగా గిట్టని ప్రొఫెసర్ సన్యాసిరావూ వచ్చాడు. ఆమె థీసిస్ చూసి సరే అనాల్సిన కమిటీలో సన్యాసిరావే పెద్ద. సర్వేశ్వరరావు మార్కెట్టును దాని దారిన వదిలేయాలనే మనిషి. సన్యాసిరావు అంతా ప్రభుత్వం పూనుకుని చేయాలనే మనిషి. మొదటి రోజు సాయంత్రం టీ కప్పులు పట్టుకుని చెరో మూల నిలబడ్డ ఆ ఇద్దరి దగ్గరికీ కనక వెళ్లి అడిగింది.

"రేపు ఉదయం ఒక్క గంట మా ఊరు రండి సార్. మా అయ్య కాఫీ తోట చూడండి. చూశాక ఆ అధ్యాయం ఉంచమంటారో తీసేయమంటారో చెప్పండి."

ఎందుకో ఇద్దరూ ఒప్పుకున్నారు. శుక్రవారం ఉదయం కనక మాట్లాడుకున్న జీపు ఇద్దరినీ ఎక్కించుకుని రేగలగుడకు బయల్దేరింది.

ఊరి కింద మలుపు దగ్గర జీపు ఆగింది. ఇంజను ఆగగానే పైనుంచి గొడ్డలి చప్పుడు వినిపించింది.

కనకకు మొదట అర్థం కాలేదు. తోటలో నీడకు పెంచే సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టే కాలం కాదిది. చప్పుడు వరసగా, ఆగకుండా వస్తోంది. ఆమె ప్రొఫెసర్లను వెనకే వదిలి వాలు మీద పరుగెత్తింది.

తోటలో పై రెండు వరసలు నేల మీద పడి ఉన్నాయి. నలభై మొక్కల పైమాటే. కొన్నిటికి కోయకుండా వదిలేసిన పండ్లు ఇంకా ఉన్నాయి. ఎర్రగా ఉండాల్సినవి నల్లబడి ముడుచుకుపోయాయి. మూడో వరసలో తండ్రి సోంబరు నడుం వంచి గొడ్డలి ఎత్తుతున్నాడు. చొక్కా లేదు. అరవై ఏళ్ల వీపు చెమటకు మెరుస్తోంది.

"అయ్యా! ఏటి సేత్తన్నావు?"

సోంబరు తల తిప్పలేదు. "కనబడతన్నాది కదేటి. నరుకుతన్నాను."

"నాకు ఒక్క మాట సెప్పకుండానా?"

"నీకు సెప్తే ఏటవుద్ది? తీసుకెళ్లి కాయితంలో రాసుకుంటావు." మరో దెబ్బ వేశాడు. చేతి మందాన ఉన్న కాండం ఒరిగింది. "పండు కోయించినా కూలి రానేదు. వానలు పడ్డాక సామలు సల్లుతాను. సామలైతే ఎవులు కొనకపోయినా తిననైనా తినొచ్చు."

"ఇన్నాళ్లు ఈ నేల మీద నీడే ఉండిపోయింది. సామలు ఎలా అవుతాయి?"

"ఈ ఏడు అవ్వకపోతే ఆపై ఏడు అవుతాయి."

ఆమె గొడ్డలి పట్టుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. ఇద్దరూ అలా నిలబడి ఉండగానే ప్రొఫెసర్లు ఆయాసపడుతూ పైకి వచ్చారు. ముందు సర్వేశ్వరరావు, తెల్ల కాన్వాసు బూట్లతో, మెడలో కెమెరాతో. వెనక ఖద్దరు చొక్కా, భుజానికి గుడ్డ సంచీతో సన్యాసిరావు. వచ్చే జూన్‌లో ఆయన రిటైరవుతున్నాడు. మోకాళ్ల నొప్పి వల్ల ఒక్కో చెట్టు పట్టుకుని ఎక్కాడు.

పడి ఉన్న మొక్కల్ని చూసి సర్వేశ్వరరావు ముఖం వెలిగింది.

"చూశావా కనకా! ధర పడిపోయింది, రైతు పంట మారుస్తున్నాడు. ఏ కలెక్టరూ ఆర్డరు వేయలేదు. ఏ కమిటీ చెప్పలేదు. మార్కెట్టు ఇచ్చిన సంకేతం మీ నాన్నకు అందింది. నేను పదేళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే. గిరిజన రైతుకు లాభనష్టాలు తెలియవనడం వాళ్లను చిన్నచూపు చూడడమే."

"సంకేతమా?" సన్యాసిరావుకు ఊపిరి అందడం లేదు, అయినా ఆగలేదు. "కడుపులో పెట్టుకుని పెంచిన చెట్టును మనిషి తన చేత్తో నరుక్కుంటుంటే దానికి నువ్వు పెట్టే పేరు సంకేతమా సర్వేశ్వరం? లండన్‌లో ఎవడో ధర తేలుస్తాడు, ఇక్కడ ఇతని శ్రమ మట్టిలో కలుస్తుంది. దీన్ని దోపిడీ అంటారు."

"దోపిడీ అయితే ధర పెరిగినప్పుడు ఏమైంది ఆ దోపిడీ? సెలవు పెట్టిందా?"

"పెరిగినప్పుడు ఇతనికి దక్కింది ఎంత, మధ్యలో వాళ్లు తిన్నది ఎంత, అది చెప్పు ముందు."

ఇద్దరూ ఒరిగిన మొక్కలకు అటూ ఇటూ నిలబడి వాదించుకుంటున్నారు. 'మీ నాన్న', 'ఈ రైతు', 'ఇతను' అంటూ వేలు చూపిస్తున్నారే గాని, సోంబరుతో ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాటా మాట్లాడలేదు. కనకకు వాళ్లు అనబోయే తర్వాతి వాక్యం కూడా తెలుసు. అది ఏ దేశంలో, ఏ ఏడాది, ఎవరి నోట మొదట వచ్చిందో కూడా తెలుసు. అవన్నీ ఆమె ఆరు అధ్యాయాల్లో రాసినవే.

ఆ పరిశోధన అంశం వినడానికి చాలా పెద్దది. అర్థశాస్త్రంలో ఒకదానితో ఒకటి పోటీపడిన సంప్రదాయాలు ఎలా పుట్టాయి, ఎలా పెరిగాయి అన్నది. మొదలైంది మాత్రం ఒక చిన్న ప్రశ్నతో. 1994లో, ఆమె ఎమ్మే పూర్తిచేసి ఊరికి వచ్చిన ఏడాది, కాఫీ గింజ ధర ఉన్నట్టుండి రెండింతలైంది. సంత నుంచి వచ్చిన సోంబరు సంతోషించకుండా అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

"సెట్టు అదే. సెయ్యీ అదే. గింజా అదే. మరి దర ఎక్కడ పుడతన్నాది గుంటా?"

బ్రెజిల్‌లో మంచు పడి తోటలు మాడిపోయాయని పేపర్లో చదివిన సంగతి ఆమె చెప్పింది.

"అక్కడ మంచు పడితే ఇక్కడ నా గింజ మారిపోద్దేటి?" అన్నాడాయన.

అయిదేళ్లు అర్థశాస్త్రం చదివిన పిల్ల ఆ మాటకు జవాబు చెప్పలేకపోయింది. ఆ జవాబు కోసమే మరుసటి ఏడాది పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుంది.

చదువుతూ పోతే ఆ ప్రశ్న తన తండ్రి ఒక్కడిదే కాదని తెలిసింది. రెండున్నర శతాబ్దాల కిందట ఫ్రాన్సులో కొందరు సంపదంతా నేలలోంచే వస్తుందన్నారు. వాళ్ల చుట్టూ పన్నుల కింద నలిగిపోతున్న రైతులు ఉన్నారు. బ్రిటన్‌లో మిల్లులు లేస్తున్న రోజుల్లో, విలువ శ్రమలో ఉందని, ఎవరి లాభం వాళ్లు చూసుకుంటే దేశానికీ మేలేనని చెప్పినవాళ్లు వచ్చారు. అవే మిల్లుల్లో పసిపిల్లలు పన్నెండు గంటలు పనిచేయడం చూసినవాళ్లు, విలువ శ్రమలో ఉంటే అది శ్రమించినవాడికి ఎందుకు దక్కడం లేదని నిలదీశారు. ఆ తర్వాత 1870ల్లో మూడు దేశాల్లో ముగ్గురు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, విలువ శ్రమలో లేదు, కొనేవాడి కోరికలో ఉంది పొమ్మన్నారు. 1930ల్లో పనులు లేక జనం వీధిన పడితే, ప్రభుత్వమే ఖర్చుపెట్టి పని పుట్టించాలన్న వాదం గెలిచింది. 1970ల్లో ధరలు చేయి దాటిపోతే, ప్రభుత్వం పక్కకు తప్పుకోవాలన్న వాదం మళ్లీ లేచి కూర్చుంది.

ఆరు అధ్యాయాలూ ఇవే. వాటిలో ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. ఏడో అధ్యాయంలో ఆమె తన మాట చెప్పింది. ఈ వాదాల్లో ప్రతిదీ ఏదో ఒక చోటి కష్టంలోంచి పుట్టింది. పుట్టిన చోట కొంత పని చేసింది. దాన్ని తెచ్చి ఇంకో చోట నాటేటప్పుడు మాత్రం అక్కడి మనుషుల్ని ఎవరూ అడగలేదు. అడగకపోతే ఏమవుతుందో చూపించడానికి రేగలగుడను తీసుకుంది. రెండు ప్రభుత్వ రిపోర్టులు ముందు పెట్టుకుంది. 1986 నాటిది, కొండపోడు తీసేసి కాఫీ వేయించాలని చెప్పింది. 1993 నాటిది, గింజంతా ఒకచోట పోగేసి అమ్మి రైతులకు పంచే పాత పద్ధతి ఎత్తేసి, ఎవరి గింజ వాళ్లే బజారులో అమ్ముకోనివ్వాలని చెప్పింది. రెండింటి మీదా రాసినవాళ్ల పేర్లు లేవు. 'అధ్యయన బృందం' అని మాత్రం ఉంది.

ఆ అధ్యాయం మొదటి పేజీ మీద సర్వేశ్వరరావు ఎర్ర సిరాతో 'ఇది అర్థశాస్త్రం కాదు' అని రాశాడు. సన్యాసిరావు అదే పేజీ కింద పెన్సిల్‌తో 'వర్గ దృష్టి లేదు' అని రాశాడు. ఒకరి మాట విని మారిస్తే రెండోవారికి నచ్చలేదు. అయిదుసార్లు తిరగరాసింది. టైపింగు సెంటర్లో ఫ్లాపీలు పాడై రెండుసార్లు మొత్తం మళ్లీ కొట్టించింది. ఆరోసారి విసుగొచ్చి, మొదట రాసిందే యథాతథంగా ఇచ్చేసింది. అదే బీరువాలోకి పోయింది.

ఇప్పుడు ఆమె ఎదుట, నరికిన కాఫీ మొక్కల మధ్య, ఆ రెండు రంగుల రాతలూ కాళ్లు వచ్చి కొట్టుకుంటున్నాయి.

"సార్, కాసేపు ఆగండి. మా అయ్యనే అడగండి" అంది.

ఎవరూ వినలేదు. సర్వేశ్వరరావు వియత్నాంలో దిగుబడి గురించి చెబుతున్నాడు. సన్యాసిరావు అడ్డం పడుతున్నాడు.

"సార్!" ఈసారి ఆమె గొంతు తోట కిందిదాకా వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. "ఇక్కడ మనిషున్నాడు సార్. మీరు ఇంతసేపూ మాట్లాడుతున్నది ఆయన గురించే."

సోంబరు గొడ్డలిని మొద్దుకు ఆనించాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. సన్యాసిరావు వైపు అడుగు వేసి, ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు.

"బాబూ, నువ్వు ఎప్పుడో ఒకపాలి మా ఊరొచ్చినావు కదూ?"

సన్యాసిరావు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. "నేనా? ఈ వైపు చాలా ఊళ్లు తిరిగానయ్యా. ఏ ఊరని గుర్తుంటుంది?"

"ఆ గెడ్డ నీల్ల కాడ రాయి మీన కూకున్నావు. మా ఇంటిది చోడి అంబలి ఇస్తే రెండు దొప్పలు తాగినావు. అప్పుడు నీ తల నల్లగుండేది." సోంబరు గొంతులో కోపం లేదు. పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టే ఉంది. "సామలు తీసేసి కాఫీ ఏయండి, పదేళ్లు పోతే మీ పిల్లలు ఉద్యోగాలు సేత్తారు అన్నావు. ఈ గుంటకి అప్పుడు పదమూడేళ్లు. నీ మాట నమ్మి ఊర్లో అందరికన్నా ముందు నేనే ఏసినాను. నన్ను సూసి మిగతోలు ఏసినారు."

కనక వేళ్ల మీద లెక్క వేసుకోవాల్సిన పని లేకపోయింది. ఆమెకు పదమూడేళ్లంటే 1986.

"ఆ అధ్యయన బృందం... మీరేనా సార్?"

సన్యాసిరావు కళ్లజోడు తుడుస్తూనే ఉన్నాడు.

సర్వేశ్వరరావు పెద్దగా నవ్వాడు. "ఓహో! అందుకా పెద్దాయనకు ఆ అధ్యాయం మీద అంత కోపం! వర్గ దృష్టి లేదట! అందులో ఉన్నదేమో తన రిపోర్టు! ముప్పై నాలుగో పేజీ నుంచి ఎత్తి చూపింది కనక, ప్రతి వాక్యమూ."

"నవ్వకు." సన్యాసిరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. "రెండో రిపోర్టు ఎవరు రాశారో ఆ పిల్లకు చెప్పనా? ఢిల్లీ నుంచి పిలుపొచ్చిందని డిపార్టుమెంటంతా స్వీట్లు పంచావు. 1993 జూలైలో. గుర్తుందా?"

నవ్వు ఆగిపోయింది.

కనక ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూసింది. పద్నాలుగు నెలల వరండా, ఎర్ర సిరా, పెన్సిల్ రాత, అయిదుసార్లు తిరగరాయడం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. తన వాక్యాల్లో తప్పెక్కడుందా అని ఆమె ఎన్ని రాత్రులు వెతుక్కుందో లెక్కలేదు. తప్పు ఎక్కడా లేదు. తెలియకుండానే ఇద్దరినీ ఒకే అధ్యాయంలో పక్కపక్కన కూర్చోబెట్టింది, అంతే.

"నేను వచ్చిన ఏడు కొండ మీద సామలు కూడా పండలేదు కనకా" అన్నాడు సన్యాసిరావు, గొంతు తగ్గించి. "పిల్లలు అడవి దుంపలు తిని వాంతులు చేసుకుంటుంటే కళ్లారా చూశాను. ఏదో ఒకటి చేయాలనే రాశాను. చేస్తే మేలు జరుగుతుందనే నమ్మాను."

"నేనూ నమ్మే రాశాను" అన్నాడు సర్వేశ్వరరావు. "ఆ పాత పద్ధతిలో గింజ ఇచ్చిన రైతుకు రెండేళ్ల దాకా ఏమీ అందేది కాదు. బజారు తెరిచిన మరుసటి ఏడే ధర రెండింతలైంది. అప్పుడు మీ నాన్న నన్ను తిట్టాడా?"

"తిట్టలేదు సార్. మీరెవరో ఆయనకు తెలియదు. ధర ఎక్కడ పుడుతుందని మాత్రం నన్ను అడిగాడు."

సర్వేశ్వరరావు కెమెరా సంచీ తెరిచి ఒక కవరు తీశాడు. అందులో థీసిస్ సమర్పణ ఫారం ఉంది. ఆమె పేరు, రిజిస్టర్ నంబరు అప్పటికే టైపు చేసి ఉన్నాయి. అంటే ఇక్కడికి వచ్చేముందే నింపి తెచ్చాడన్నమాట.

"ఇదుగో. ఆరు అధ్యాయాలతో సమర్పించు. ఇప్పుడే, ఇక్కడే సంతకం పెడతాను. ఆరూ బ్రహ్మాండంగా ఉన్నాయి, నేనే పుస్తకంగా వేయిస్తాను. ఆ ఏడోది వదిలెయ్. అది మానవశాస్త్రం వాళ్లకు పనికొస్తుందేమో గాని మనకెందుకు?"

సన్యాసిరావు నేల చూస్తూ అన్నాడు. "నాకూ అభ్యంతరం లేదు."

ఇరవై ఏళ్లలో ఆ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

కనకకు వచ్చింది కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. "నేను రాసిందాంట్లో అబద్ధం ఏమైనా ఉందా సార్?"

"అబద్ధమని ఎవరన్నారు?"

"లెక్కలు తప్పా?"

"తప్పని కాదమ్మా. అది అర్థశాస్త్రం..."

"ఫ్రాన్సు రైతు గురించి రాస్తే అర్థశాస్త్రం. ఇంగ్లాండు మిల్లు గురించి రాస్తే అర్థశాస్త్రం. మా రేగలగుడ దగ్గరికి వచ్చేసరికి మానవశాస్త్రం అయిపోయిందా సార్? మేమేమైనా మ్యూజియంలో బొమ్మలమా? మొదటి ఆరు అధ్యాయాల్లో ఉన్నవాళ్లంతా తమ చోటి కష్టం చూసి మాట్లాడినవాళ్లే. నేను మా ఊరి కష్టం చూసి మాట్లాడితే ఎందుకు తీసేయాలి?"

ఆమె చెయ్యి పడి ఉన్న మొక్కల వైపు తిరిగింది.

అప్పుడు మాట్లాడింది సోంబరు.

"సంతకం పెట్టించుకో గుంటా."

ఆమె తిరిగి చూసింది.

"పెట్టించుకో. నా తోట ఎలాగూ పోయింది. నీ సదువు కూడా పోవాలేటి?" ఆయన మొద్దు మీద కూర్చున్నాడు. ఒక్కసారిగా బాగా ముసలివాడిలా కనిపించాడు. "ఆ బాబులు ఇద్దరూ పెద్దోలు. ఒప్పుకున్నారు. బేగి కానిచ్చీ. ఆ కాయితం ఉంటే నీకు జీతం వత్తాది, అంతే కదా కావాల. నా గురించి రాసి ఏటి సేత్తావు? రాత్తే ఈ సెట్లు లేత్తాయా?"

ప్రొఫెసర్లు అడ్డం పడినప్పుడు కలగని బాధ తండ్రి మాటకు కలిగింది. ఎవరి ప్రశ్న పట్టుకుని ఏడేళ్లు తిరిగిందో, ఆ మనిషే ఇంక చాలు, వదిలెయ్యమంటున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. ఆయన అలసిపోయాడు. తనూ అలసిపోయింది. సంతకం చేయించుకుంటే సోమవారానికల్లా పని అయిపోతుంది. రైలు ఉండదు, వరండా ఉండదు.

సర్వేశ్వరరావు పెన్ను మూత తీశాడు.

కనక ఆయన చేతిలోంచి ఫారం అందుకుంది. తన పేరు చదువుకుంది. కింద 'అధ్యాయాల సంఖ్య' అన్నచోట 6 అని టైపు చేసి ఉంది. ఆమె తన పెన్నుతో ఆ అంకె కొట్టేసి పక్కన 7 అని రాసి, తిరిగి ఆయనకిచ్చింది.

"దీనికి పెట్టండి సార్. దీనికైతే ఇక్కడే పెట్టండి. లేకపోతే వద్దు."

"గుంటా!" అన్నాడు సోంబరు.

"నువ్వాగు అయ్యా. సెట్లు నీవి, నరుక్కున్నావు, నేను ఆపనేదు. ఇది నాది."

సర్వేశ్వరరావు ఆ అంకె చూసి పెన్ను మూత పెట్టేశాడు. "నిన్ను పాడుచేసింది నేనే. ఎక్కువ చనువిచ్చాను. సోమవారం సాయంత్రం అయిదు గంటల వరకు ఆఫీసులో ఉంటాను. ఆరు అధ్యాయాలతో వస్తే సంతకం. తర్వాత నేను రెండు నెలలు సెలవు మీద వెళ్తున్నాను." ఫారం మడిచి కవర్లో పెట్టుకుని జీపు వైపు నడిచాడు.

సన్యాసిరావు సోంబరుతో ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఆయన కూడా చెట్లు పట్టుకుంటూ దిగిపోయాడు.

జీపు తను మాట్లాడింది కాబట్టి స్టేషన్ దాకా దింపిరావడం మర్యాద. కనక ముందు సీట్లో కూర్చుంది. సదస్సు రెండో రోజుకు ఉండకుండా ఇద్దరూ నేరుగా స్టేషనుకే పోనిమ్మన్నారు. సంతకు వెళ్లే ఆడవాళ్లు చింతపండు బుట్టలు, అడ్డాకు కట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డు పక్కన వరసగా నడుస్తున్నారు. జీపు హారను కొట్టినప్పుడల్లా గట్టు మీదికి ఒదిగి దారి ఇస్తున్నారు. ఏడవకూడదని కనక పళ్లు బిగించి కూర్చుంది.

విశాఖ వెళ్లే ప్యాసింజరు అప్పటికే ప్లాట్‌ఫారం మీద ఉంది. సర్వేశ్వరరావు వెనక్కి తిరిగి చూడకుండా పెట్టె ఎక్కాడు. సన్యాసిరావు వేరే పెట్టె ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. కనక ఇద్దరికీ నమస్కారం పెట్టింది. ఒక్కరే తిరిగి పెట్టారు.

పద్నాలుగు నెలలుగా తిట్టుకుంటూ ఎక్కిన రైలు అది. సోమవారం దాన్ని ఎక్కకూడదని తను తేల్చుకుంది. తేల్చుకున్నాక మనసు తేలిక పడాలి కదా, ఎందుకు పడటం లేదు? తండ్రి ఒంటరిగా మూడో వరస నరుకుతూ ఉంటాడు. వెళ్లి గొడ్డలి లాక్కోవాలా, తనూ ఒక కత్తి తీసుకుని సాయం పట్టాలా? ఏదీ తోచలేదు.

రైలు కదిలింది. ఆమె గేటు వైపు తిరిగింది.

"కనకా! ఆగమ్మా!"

సన్యాసిరావు కదులుతున్న పెట్టె మెట్టు మీద ఉన్నాడు. ఎవరో లోపలినుంచి "దిగొద్దండీ" అని అరుస్తున్నారు. ఆయన దిగేశాడు. మోకాలు మడతపడి ప్లాట్‌ఫారం మీద చేతులానించి కూలబడ్డాడు. కనక పరుగున వెళ్లి లేపింది. సంచీలోని కాగితాలు కింద పడ్డాయి. ఆయన అరచేయి చర్మం లేచిపోయి రక్తం వచ్చింది. దాన్ని పట్టించుకోలేదు.

"సార్, ఏంటిది? రైలు వెళ్లిపోతోంది!"

"పోనీ." ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. "ఆ అధ్యాయం నువ్వు తీసేయనన్నావు. అయితే ఇది నీకు తెలియాలి. తెలియకుండా అచ్చయితే తప్పు నాది అవుతుంది. 1986లో మీ ఊరివాళ్లు చెప్పింది నాలుగు పేజీలు రాసుకున్నాను. రిపోర్టులో వేయలేదు. నేనే తీసేశాను. ఆ పేజీలు ఇప్పటికీ నా ఇంట్లో ఉన్నాయి. చివరి పేజీ కింద మీ నాన్న వేలిముద్ర ఉంది."

"ఏం చెప్పాడు మా అయ్య?"

సన్యాసిరావు పట్టాల వైపు చూశాడు. చివరి పెట్టె సిగ్నలు దాటిపోతోంది.

"అందరికన్నా ముందు తనే వేశానని ఇందాక నీ ముందు చెప్పాడు. అది నిజమే. కానీ అతను కాఫీ వేసిన నేల అప్పటికి అతనిది కాదమ్మా. ఆ పోడు వేరే కుటుంబం చేసుకునేది. అది తీసి మీ నాన్నకు రాయించింది నేనే. వాళ్లెవరో, ఏమైపోయారో మీ నాన్నే చెప్పాడు, ఆ నాలుగు పేజీల్లో ఉంది."